శనివారం మూత

శనివారం భోజనాలవగానే మా పెదనాన్న తన గదిలోంచి ఇత్తడి చేతిగంట పట్టుకుని బయటికొచ్చేవాడు. గంట ఒక్కసారే మోగేది. అంతే, ఆర్డర్లు ఎక్కించేవాళ్ళు కంప్యూటరు తెరలు ఆపేసేవాళ్ళు, అద్దాలు అరగదీసే యంత్రాలు ఒక్కొక్కటే నోరు మూసుకునేవి, మా అత్తయ్య చేతులు కడుక్కుని గోడకి చేరగిలబడేది. పెదనాన్న సర్వరు గదిలోకెళ్ళి దాన్ని ఆపి, ఖాళీ డిస్కు ఒకటి తగిలించి, ఉన్నదున్నట్టు మొత్తం దింపుకోవడం మొదలుపెట్టేవాడు. అది సాయంత్రం దాకా సాగేది. దీన్ని మేం మూత అనేవాళ్ళం.

మాది కళ్ళద్దాలు తయారుచేసే కార్ఖానా. ఎవరి కంటికి ఎంత పవరు, ఏ ఫ్రేము, ఎంత కొలత అని కళ్ళజోళ్ళ దుకాణాలు మాకు ఆర్డర్లు పంపుతాయి. మేం అద్దం అరగదీసి, ఫ్రేములో బిగించి తిరిగి పంపుతాం. ఆ ఆర్డర్లూ, పాత లెక్కలూ, యంత్రం ఏ అద్దాన్ని ఎలా కొయ్యాలో చెప్పే ప్రోగ్రాములూ అన్నీ ఒక్క సర్వరులోనే ఉంటాయి. మూత అయ్యాక పెదనాన్న ఆ డిస్కుని మెత్తటి గుడ్డలో చుట్టి, తన క్యారియరు అడుగు గిన్నెలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేవాడు. అందుకని శనివారాలు మా పెద్దమ్మ ఆ గిన్నె ఖాళీగా పంపేది. మిగతా గిన్నెల్లో ఉన్నదే తిని ఆయన సర్దుకునేవాడు.

నేను ఆయన తమ్ముడి కూతుర్ని. ఆ సర్వరు నా చేతి కిందే ఉంటుంది. "చదివింది కంప్యూటర్లు, కట్టుకున్నదీ కంప్యూటర్నే" అని పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా అత్తయ్య దెప్పుతుంది. ఆవిడ కొడుకు, అంటే మా బావ, సరుకు బండి నడుపుతాడు. నాకు డబ్బా డాక్టరు అని పేరు పెట్టింది తనే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతా చాటింది కూడా తనే. ఆ రెండోది మాత్రం నిజం.

కోపం రాదా మరి? జనానికి తీరిక దొరికేది శనివారమే. కళ్ళ పరీక్షలకి వాళ్ళు వెళ్ళేదీ అప్పుడే. దుకాణాలన్నీ కిటకిటలాడుతుంటే మేం మాత్రం చేతులు కడుక్కుని గోడ కింద కూర్చునేవాళ్ళం. నా కళ్ళ ముందే ఆర్డర్లు పక్కవాళ్ళకి పోయేవి.

అలాగని అది ఆయన చాదస్తం అనడానికి నోరు రాదు. ఎప్పుడో మొదట్లో ఆయన కూడా పని జరుగుతుండగానే కాపీ తీసేవాడట. ఒకరోజు సర్వరు కాలిపోతే, ఆ కాపీతోనే కార్ఖానాని మళ్ళీ నిలబెట్టాడు. అన్నీ బాగానే ఉన్నాయనుకున్నారు. కొన్నాళ్ళకి కళ్ళజోళ్ళు వెనక్కి రావడం మొదలైంది. ఒకరి పేరు మీద ఇంకొకరి పవరు, కుడికంటి అద్దం ఎడమకంటికి. కాపీ నడుస్తుండగా మనుషులు ఆర్డర్లు ఎక్కిస్తూనే ఉన్నారు కాబట్టి, సగం పాతదీ సగం కొత్తదీ కలిసిపోయింది. ఒక టీచరమ్మ ఆ అద్దాలు పెట్టుకుని మెట్ల మీద పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేదాకా పెదనాన్న ఆవిణ్ణి చూడ్డానికి వెళుతూనే ఉన్నాడు. ఆ తర్వాతే గంట కొన్నాడు.

ఇలా ఉండగా పిల్లల కంటి ఆసుపత్రి వాళ్ళ మేనేజరమ్మ మా దగ్గరికి వచ్చింది. ఆవిడ మాటలో నాన్చుడు లేదు.

"మా పని మొత్తం మీకే ఇద్దామనుకుంటున్నామండీ. కాకపోతే మాకు పిల్లలు ఎక్కువగా వచ్చేది శనివారమే. సాయంత్రం దాకా ఆర్డర్లు పంపుతాం, మీరు తీసుకోవాలి. ఇంకోటి, మీ సిస్టం పడిపోతే మా పిల్లలు రోజుల తరబడి కూర్చోలేరు. అది కూడా ఆలోచించి చెప్పండి."

పెదనాన్న చేతులు జోడించాడు. "శనివారం మధ్యాహ్నం మాకు కుదరదండీ."

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎందుకంటే అత్తయ్య గదిలో యంత్రాలు రెండు వరసలున్నాయి. పని తగ్గిపోయి వెనక వరస మీద చాన్నాళ్ళుగా గుడ్డ కప్పి ఉంది. కొత్త పని రాకపోతే ఆ వరస అమ్మేసి, దాని మీద పనిచేసేవాళ్ళని పంపించెయ్యాలని పెదనాన్న అప్పటికే అనేశాడు. వాళ్ళందరికీ పని నేర్పింది అత్తయ్యే. ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఆవిడ ఆ గుడ్డ వైపు చూడ్డం మానేసింది. ఈ ఆసుపత్రి పనొక్కటి వస్తే ఆ గుడ్డ తీసెయ్యొచ్చు.

మేనేజరమ్మ మంచిది కాబట్టి, నెలాఖరుకి మళ్ళీ వస్తాను, అప్పుడు ఖాయంగా చెప్పండి అని వెళ్ళింది. ఆవిడ గుమ్మం దాటిందో లేదో నేను పెదనాన్న మీద పడ్డాను.

"పెదనాన్నా, ఆపకుండా కాపీ తియ్యొచ్చు."

"తీశాను ఒకసారి. చూశాంగా."

"అలా కాదు. మన ఇంట్లో పెళ్ళికి అందరం కలిసి ఫోటో తీయించుకుంటాం కదా. ఫోటోగ్రాఫరు ఏమంటాడు?"

"కదలొద్దంటాడు."

"ఎంతసేపు?"

"ఎంతసేపేంటే, రెప్పపాటు."

"తర్వాత ఫోటో కడిగి, పెద్దది చేసి, అద్దం కట్టించేదాకా మనం అక్కడే ఊపిరి బిగబట్టుకుని నిలబడతామా? మన పని మనం చూసుకుంటాం. నువ్వు మాత్రం ప్రతి శనివారం ఫోటో కడిగేదాకా అందర్నీ నిలబెడుతున్నావు. అప్పుడేమో కదులుతున్నవాళ్ళని తీశావు, అందుకే మొహాలు కలిసిపోయాయి. నేను రెప్పపాటు ఆపుతాను. ఆ క్షణంలో సర్వరు ఎలా ఉందో అలా పట్టేసి, వెంటనే వదిలేస్తాను. పట్టినదాన్ని తీరిగ్గా పక్కన దింపుకుంటాను. ఎవరూ గంట కొట్టక్కర్లేదు, ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. వేళకి దానంతటదే జరిగిపోతుంది."

నేను బాగా మాట్లాడాననుకున్నాను.

"చేసి చూపించు" అన్నాడు. "అందాకా శనివారం మూత మూతే."

చేశాను. రోజుకి రెండుసార్లు, మధ్యాహ్నమూ రాత్రీ, మొత్తం ఫోటో, ఆ మధ్యలో ఎక్కే ప్రతి ఆర్డరూ ఎప్పటికప్పుడు పక్కకి చేరడం, అది చేరిందీ లేనిదీ నా ఫోనుకీ పెదనాన్న ఫోనుకీ కబురు రావడం, అన్నీ అమర్చాను. ఆ కాపీల కోసం ఫ్రేములు దాచే గదిలో ఇంకో మిషను పెట్టాను. అసలు సర్వరు పోతే దాని బదులు లేచి నిలబడేది కూడా అదే. ఒక కాపీ పెదనాన్న ఇంటికి కూడా వెళ్ళేలా చేశాను, ఆయన మనసు కోసం. మొదటి మధ్యాహ్నం ఫోటో పడిన క్షణాన నేను ఆర్డర్లు ఎక్కించేవాళ్ళ వెనకే నిలబడ్డాను. ఒక్కరు కూడా తల ఎత్తలేదు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

మర్నాడు పొద్దున ఇద్దరి ఫోన్లకీ ఒకటే కబురు: రాత్రి కాపీ జరగలేదు.

పెదనాన్న ఫోను చూసుకుని జేబులో పెట్టేసుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆ రోజంతా నేను ప్రోగ్రాము గీకి గీకి చూశాను. మధ్యాహ్నం కాపీ భేషుగ్గా నడిచింది. రాత్రిది మళ్ళీ తప్పింది. తీగలు మార్చాను. తప్పింది. డిస్కు మార్చాను. తప్పింది. నా తలప్రాణం తోకకొచ్చింది. బావ మాత్రం సరుకు ఎక్కించుకుంటూ, "డాక్టరుగారూ, రోగికి రాత్రిళ్ళు చీకటంటే భయమేమో" అన్నాడు. చేతిలో ఉన్న తీగ తన మీదకి విసిరాను.

ఆ సాయంత్రం ఫ్రేముల గదిలో పొడవాటి బీరువా వెనక కూర్చుని తీగ బిగిస్తున్నాను. అందరూ వెళ్ళిపోతున్న చప్పుడు. అత్తయ్య వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, అలవాటైన చేత్తో గోడ మీద స్విచ్చులన్నీ టకటకా పైనుంచి కిందికి ఆపేసింది. దీపం, ఫ్యాను, నా మిషను, అన్నీ ఆరిపోయాయి.

"అత్తయ్యా!"

ఆవిడ గుండె పట్టుకుంది. "దయ్యమా, అక్కడేం చేస్తున్నావే?"

"నువ్వేం చేస్తున్నావు?"

"రోజూ చేసేదే. పొద్దునే వచ్చి మళ్ళీ వేసేదీ నేనే. మనిషి లేని గదిలో కరెంటెందుకు? గోడలు చదువుకోవాలా?"

నిజమే. ఆఖరున వెళ్ళేవాళ్ళు అన్నీ ఆపి వెళ్ళాలన్నది మా కార్ఖానాలో పెదనాన్న పెట్టిన నియమం. అత్తయ్య దాన్ని ఒక్కపూట కూడా తప్పలేదు. సర్వరు గదికి తాళం ఉంది కాబట్టి అది బతికిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలీక నేను బీరువాకి ఆనుకుని కూర్చుండిపోయాను.

స్విచ్చు మీద 'ఆపవద్దు' అని కాగితం అంటించి చూశాను. ఊరందరికీ కళ్ళద్దాలు చేసే మా అత్తయ్య తను మాత్రం పెట్టుకోదు. అక్షరాలు ఆనక, ఏదో చెత్తకాగితం అనుకుని పీకి పారేసింది కూడా. దాంతో ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ మిషను ముందుకి తీసుకొచ్చాను.

"అత్తయ్యా, ఆ పచ్చదీపం కనిపిస్తోందా?"

"ఆ, కనిపిస్తోంది."

"అది రాత్రంతా వెలిగితేనే పెదనాన్న మూత మానేస్తాడు. మూత మానేస్తేనే ఆసుపత్రి పని వస్తుంది. ఆ పని వస్తేనే నీ వెనక వరస ఉంటుంది."

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా" అంది. వెళ్ళి, ఫ్రేములు చుట్టే టేపు తెచ్చి, ఆ ఒక్క స్విచ్చుని ఎవరూ కదపలేనంత గట్టిగా చుట్టేసింది. అప్పట్నుంచీ రోజూ ఇంటికెళ్ళే ముందు ఆ గదిలోకి తొంగిచూసి నాకు కబురు చెప్పేది. "నీ బిడ్డ కళ్ళు తెరిచే ఉందే."

ఆ తర్వాత ఒక్క రాత్రి కూడా తప్పలేదు. అయినా నాకు తృప్తి లేదు. కాపీ దించుకోవడం సగం పనే. ఆ కాపీ లేచి నడుస్తుందా లేదా అన్నది మిగతా సగం. అందుకని రోజూ పొద్దునే ఆ మిషను తనంతట తను కాపీని విప్పుకుని, కొన్ని ఆర్డర్లు తీసి, పేరుకి పవరు, కుడికి కుడి, ఎడమకి ఎడమ సరిపోయాయో లేదో అసలుతో పోల్చి చూసుకునేలా చేశాను. ఆ కబురూ పెదనాన్నకి వెళ్ళేది. ఏమంటావు అని అడిగితే, "చూస్తున్నా" అనేవాడు. శనివారం వస్తే గంట మాత్రం మోగించేవాడు. నేను పళ్ళు నూరుకునేదాన్ని.

నెలాఖరు వచ్చింది. మేనేజరమ్మ వచ్చిన వేళకి కార్ఖానా మంచి ఊపులో ఉంది. ముందు వరస యంత్రాలన్నీ తిరుగుతున్నాయి, ఆర్డర్ల వాళ్ళు తల ఎత్తడం లేదు. పెదనాన్న ఆవిణ్ణి కూర్చోబెట్టి, కాఫీ తెప్పించాడు. నన్నూ పిలిచాడు.

"మీరు కాఫీ తాగుతూ ఉండండమ్మా. ఈలోపల మా సర్వరు చచ్చిపోతుంది" అన్నాడు.

ఆవిడ కప్పు గాల్లోనే ఆగిపోయింది. నేను, ఏదో ఎకసెక్కమాడుతున్నాడు అనుకున్నాను. ఆయన నింపాదిగా లేచి, సర్వరు గది తాళం తీసి, లోపలికెళ్ళాడు. ఎన్నేళ్ళ శనివారాల అలవాటు! ఆపడం ఎలాగో, డిస్కులు ఏ మీట నొక్కి లాగాలో ఆయనకి చీకట్లో కూడా తెలుసు. డిస్కులన్నీ పీకి, మెత్తటి గుడ్డలో చుట్టి, క్యారియరు గిన్నెలో పెట్టి మూత బిగించాడు. గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని, క్యారియరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మడూ, గదికి నిప్పంటుకుంది. ఏమీ మిగల్లేదు. ఇప్పుడు చూపించు."

అప్పటికే తెరలన్నీ నల్లబడ్డాయి. చేతిలో ఉన్న అద్దం పూర్తిచేసుకుని యంత్రాలు ఒక్కొక్కటే ఆగుతున్నాయి. అత్తయ్య గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అడగలేదు గానీ, ఆవిడ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. అంతకన్నా ముందు కోపం వచ్చింది. బయటివాళ్ళ ముందు, ఇంత పని నడుస్తుండగా, ఒక్క ముక్క చెప్పకుండానా! ఆ కోపంతోనే ఫ్రేముల గదికి పరిగెత్తాను.

తెర నల్లగా ఉంది.

మీటలు నొక్కాను, ఏ కదలికా లేదు. వెనకే పరిగెత్తుకొచ్చిన అత్తయ్య నన్ను పక్కకి నెట్టి, తెర అడుగున చెయ్యిపెట్టి ఏదో నొక్కింది. తెర వెలిగింది.

"బొమ్మ ఆపానంతే. చూసేవాళ్ళు లేనప్పుడు బొమ్మెందుకు? పచ్చదీపం వెలుగుతూనే ఉందిగా, నీకు కళ్ళు లేవా?"

వెలుగుతోంది. ఆ దీపాన్ని చూడకుండా తెరని చూసింది నేనే. ఇంకెప్పుడైనా అయితే ఇద్దరం పోట్లాడుకునేవాళ్ళం. నేను కూర్చుని, మధ్యాహ్నం ఫోటోని విప్పమన్నాను. దాని మీద ఆ తర్వాత ఎక్కిన ఆర్డర్లన్నీ వరసగా పేర్చమన్నాను. ఆఖరున, ఇకమీదట అసలు సర్వరు నువ్వే అని చెప్పాను. అవన్నీ ముందే రాసి పెట్టుకున్నవి కాబట్టి ఆలోచించుకోవాల్సిన పని లేకపోయింది. తెర మీద గీత మెల్లగా నిండుతోంది. అత్తయ్య నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి నిండా అద్దాల పొడి.

అవతలి హాల్లోంచి ఎవరో అరిచారు. "వచ్చేసింది!"

ఒక్కొక్క తెరా వెలిగింది. ఎక్కడ ఆగారో అక్కడే మొదలుపెట్టారు ఆర్డర్ల వాళ్ళు. ఆ వెంటనే మొదటి యంత్రం గురగురమంది, దాని వెనకే రెండోది. ఆ చప్పుడు నాకెప్పుడూ చిరాకే. ఆ రోజు మాత్రం అలాగే నిలబడి విన్నాను. నేను హాల్లోకి వచ్చేసరికి మేనేజరమ్మ కప్పులో ఇంకా కాఫీ మిగిలుంది.

పెదనాన్న మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"నిన్ను పిలవకముందు, ఆవిడ వచ్చీ రాగానే ఒక ఆర్డరు ఎక్కించాను. నా పేరు మీద" అన్నాడు. "తీసి చదువు."

అప్పుడు అర్థమైంది ఆయన దేనికోసం కూర్చున్నాడో. పెదనాన్న కళ్ళు రెండూ రెండు దారులు. కుడికంటికి సోడాబుడ్డి అద్దం, ఎడమకంటికి పవరు ఉందా అంటే ఉంది. అవి తారుమారైతే ఆయన గడప కూడా దాటలేడు. దగ్గర్లో ఉన్న తెర మీద ఆయన పేరు కొట్టాను. మధ్యాహ్నం ఫోటో తర్వాత ఎక్కిన ఆర్డర్లలో అది ఉంది. కుడికంటి పవరు చదివాను. ఎడమకంటిది చదివాను. ఫ్రేము చదివాను.

ఆయన తన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి తుడుచుకున్నాడు.

"కుడి కుడే" అన్నాడు.

"ఎడమ ఎడమే పెదనాన్నా" అన్నాను.

ఆయన మేనేజరమ్మ వైపు తిరిగాడు. "శనివారం సాయంత్రం దాకా పంపించుకోండమ్మా. చీకటి పడేదాకా పంపినా సరే."

ఆవిడ కాఫీ పూర్తిచేసి, లేచి నాకు చెయ్యి కలిపింది. "మా ఆసుపత్రి సర్వరుని కూడా ఒకసారి చంపి చూస్తారా?" అంది. ఆ మాటని బావ ఊళ్ళో ఉన్న దుకాణాలన్నిటికీ, సరుకుతో పాటు చేరవేశాడు. నేను కాదనలేదు. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

శనివారం వచ్చింది. భోజనాలయ్యాయి. అలవాటు కొద్దీ అందరి చేతులూ నెమ్మదించాయి, అత్తయ్య అయితే చేతులు కడిగేసుకుంది కూడా. పెదనాన్న గది తలుపు తెరుచుకుంది. ఆయన చేతిలో గంట ఉంది. మళ్ళీ మొదటికొచ్చాడా ఏమిటి?

ఆయన సర్వరు గది దాటి, ఆర్డర్ల వాళ్ళని దాటి, నేరుగా అత్తయ్య గదిలోకి నడిచాడు. వెనక వరస దగ్గర నిలబడి గంట మోగించాడు.

"ఊఁ, గుడ్డ తియ్యి" అన్నాడు అత్తయ్యతో.

ఆవిడ తీసింది. తీసిన గుడ్డని దులిపి, నాలుగు మడతలు పెట్టి, దాంట్లో మొహం దాచుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, ఊరికే నిలబడి చూస్తారేంటి, ఎవరి యంత్రం దగ్గరికి వాళ్ళు పదండి అని అందర్నీ కసిరింది. వెనక వరస మొదలయ్యేసరికి నేల అదిరింది. ఆసుపత్రి నుంచి పిల్లల ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి. ఆ సందట్లో మధ్యాహ్నం ఫోటో ఎప్పుడు పడిందో నాక్కూడా తెలియలేదు. ఫోన్లో కబురు చూసి తెలుసుకున్నాను.

తర్వాత చూస్తే పెదనాన్న సర్వరు గది ముందు కుర్చీలో కూర్చుని, ఆలస్యంగా భోజనం చేస్తున్నాడు. నన్ను చూసి, ఇంకో కుర్చీ లాగాడు. క్యారియరు అడుగు గిన్నె విప్పి నా ముందుకి తోశాడు. దాని నిండా అన్నం, కూర. ఇంకా గోరువెచ్చగా ఉంది.

"పొద్దున మీ పెద్దమ్మ అడిగింది, శనివారం కదా, ఈ గిన్నె ఖాళీగా పెట్టనా అని" అన్నాడు. "నింపి పెట్టమన్నాను. తిను."